బోరు పోయిందంటున్న గానుగ ఇంజను: హెడ్ విప్పే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది ఐరాల దగ్గర పల్లె. గానుగకు మా తాత కాలం నాటి పది హార్స్‌పవర్ ఆయిలింజను ఉంది. ఒకటే సిలిండరు, రెండు పెద్ద చక్రాలు, హ్యాండిల్ వేసి తిప్పేది. చెరకు మానేసి రెండేళ్లు పక్కన పెట్టేశాం. ఈసారి మూడెకరాలు వేశాం, సంక్రాంతి లోపల గానుగ ఆడాలి. పోయిన వారం బయటికి తీస్తే ఇద్దరం తిప్పినా ఒక పట్టాన అంటుకోలేదు. అంటుకున్నాక పావుగంట సేపు తెల్లపొగ. వేడెక్కాక కొంచెం నయం. కానీ గానుగలో చెరకు పెట్టగానే నల్లగా పొగ కక్కి దిగిపోతోంది. చిత్తూరు నుంచి వచ్చిన మెకానిక్ చక్రం ఒకసారి తిప్పి చూసి, "బోరు పోయింది, లైనరు, పిస్టను మార్చాలి, ఇరవై రెండు వేలు అవుతాది" అన్నాడు. మా బావేమో పాత ఇనుముకేసి మోటరు పెట్టుకోమంటాడు. నాయన ఒప్పుకోడు. ఏది నిజమో ఎట్లా తెలుసుకునేది?
- ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట "రెండేళ్లు పక్కన పెట్టేశాం" అన్నది. లైనరు అంటే పిస్టను ఆడే సిలిండరు లోపలి గొట్టం, దాని రంధ్రమే బోరు. అది అరిగేది ఇంజను తిరిగినప్పుడు. షెడ్డులో ఊరికే నిలబడ్డ ఇంజనుకు బోరు అరిగిపోదు. కాబట్టి ముందు మీ నాయనను కూర్చోబెట్టి అడగండి: చివరిసారి ఆడినప్పుడు ఇంజను ఎట్లా ఉండేది? ఆయిలు తాగేదా? నీలం పొగ వచ్చేదా? ఇంజను లోపలి గాలి బయటికి వదిలే బ్రీదరు దగ్గర చెయ్యి పెడితే బుస్‌బుస్‌మని గాలి కొట్టేదా? ఇవన్నీ అప్పుడే ఉంటే మెకానిక్ మాటకు బలముంది. అప్పుడు సాఫీగా ఆడి, ఇప్పుడు మొండికేస్తోందంటే మాత్రం లైనరు మీద పడకండి.

నిలబడిన ఇంజనులో చెడిపోయేవి వేరే ఉంటాయి. ట్యాంకులో మురిగిన డీజిలు, డీజిలు చిమ్మే నాజిలులో బిగుసుకున్న సూది, తుప్పు పట్టిన వాల్వు సీట్లు, గాలి కారకుండా పిస్టను చుట్టూ ఉండే రింగులు గాడుల్లో అతుక్కుపోవడం. వీటిలో చాలావాటికి ఇరవై రెండు వేలు అక్కర్లేదు. మెకానిక్ చక్రం తిప్పి కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుడు, లేదనుకోవడంలో తప్పు లేదు, అది నిజమే అయ్యుండొచ్చు. ఆ కంప్రెషన్ ఎటు పోతోందో చూడకుండా లైనరు మార్చమనడమే నాకు నచ్చలేదు.

ఇంకోసారి స్టార్ట్ చేసే ముందు ఒక జాగ్రత్త. రెండేళ్లు కదలని ఇంజనులో వేగాన్ని అదుపు చేసే గవర్నరు లింకులు, డీజిలు ఎంత పోవాలో తేల్చే పంపు ర్యాకు (కడ్డీ) జిడ్డు కట్టి బిగుసుకుంటాయి. ర్యాకు ఎక్కువ డీజిలు వైపు బిగుసుకుని ఉంటే, అంటుకున్న ఇంజను ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. ఆ బరువు చక్రాలతో అది చాలా ప్రమాదం. ర్యాకును చేత్తో ఇటూ అటూ జరిపి చూడండి, అడ్డం లేకుండా సులువుగా పోవాలి. బిగుసుకుని ఉంటే కిరసనాయిలో డీజిలో పోసి వదులు చేయండి, సుత్తి వాడొద్దు. గాలి పీల్చే గొట్టం నోటిని పూర్తిగా మూయగల చెక్కపలక ఒకటి పక్కన పెట్టుకోండి. వేగం చెయ్యి దాటితే ఆ పలక అడ్డం పెట్టాలి. గోనెగుడ్డ పెడితే లోపలికి లాక్కుంటుంది, చెయ్యి అసలు పెట్టొద్దు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి. చుట్టూ తిప్పి పట్టుకుంటే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు ఆ వేలే విరుగుతుంది.

ఇక కంప్రెషన్ సంగతి. డీజిలు ఇంజనుకు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని దాదాపు 16, 17 వంతుల్లో ఒక వంతుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. గాలి ఎక్కడ కారిపోయినా వేడి చాలదు. డీజిలు కాలకుండా ఆవిరై తెల్లగా బయటికొస్తుంది. మీ పావుగంట తెల్లపొగ అదే కావచ్చు. అయితే గాలి కారడానికి దారి ఒకటే కాదు, నాలుగున్నాయి.

వాటికంటే ముందు డీకంప్రెషన్ లివరు చూడండి. సిలిండరు మూతైన హెడ్ మీద ఉండి, హ్యాండిల్ తిప్పేటప్పుడు వాల్వును ఎత్తి బరువు తగ్గించే ఈ చిన్న లివరును కిందికి దించాక కూడా లోపల వాల్వును రవ్వంత ఎత్తిపట్టి ఉంచుతోందేమో గమనించండి. తుప్పుకో, ఎవరో తిప్పిన నట్టుకో అట్లా అవుతుంది. దాని వెంటనే టాపెట్ గ్యాపు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, రెండు వాల్వులూ మూసి ఉండే చోట చక్రం ఆపి, రాకర్లను వేళ్లతో కదిలించండి. కొంచెం ఆట ఉండాలి. అస్సలు కదలకపోతే ఆ వాల్వు మూసుకోవడం లేదు. గ్యాపు ఎంతన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఉన్న అంకెకు ఫీలర్ గేజితో పెట్టించండి. ఇక్కడే తేలిపోయే కేసులు కొన్ని ఉంటాయి, పైసా ఖర్చు లేకుండా.

ఆ రెండూ బాగుంటే అసలు పరీక్షకు రండి. దీనికి ఇద్దరు కావాలి, చుట్టుపక్కల చప్పుడు ఉండకూడదు. బెల్టు తీసేయండి. పంపును ఆపే వైపుకు పెట్టండి, డీజిలు పోకూడదు. హ్యాండిల్ తీసి పక్కన పెట్టి, చక్రం అంచు పట్టుకుని, ఇంజను తిరిగే వైపే నిదానంగా తిప్పండి. ఒకచోట బరువు తగులుతుంది. అక్కడ ఒళ్లు వాల్చి అట్లాగే నొక్కి పట్టండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజను మిమ్మల్ని వెనక్కి తోస్తుంది. వదిలితే చక్రం వెనక్కి ఊగుతుంది. గాలి కారే ఇంజనులో కొద్దిసేపటికే చేతి కింద బరువు కరిగిపోతుంది, చక్రం మెల్లగా ముందుకు జారిపోతుంది.

మీరు నొక్కి పట్టినంతసేపు రెండో మనిషి చెవి పెట్టి వినాలి. గాలి ఫిల్టరు దగ్గర స్‌స్‌మంటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. బ్రీదరులోనో ఆయిలు పోసే మూత తీసిన చోటో వినిపిస్తే రింగులో, లైనరో. ఇవేవీ కాకుండా నీళ్ల వైపు బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్, లేదా హెడ్ పగులు. నాలుగు దారుల్లో ఏదన్నది మీ చెవికే తెలిసిపోతుంది. రెండేళ్లు నిలబడ్డ ఇంజనులో నా అనుమానం ఎగ్జాస్ట్ వాల్వు మీద ఎక్కువ. సైలెన్సర్‌కు మూత లేకుండా వదిలేస్తే వాన చెమ్మ నేరుగా దిగేది ఆ వాల్వు మీదికే. అదే అయితే హెడ్ దించి వాల్వులు గ్రైండింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేస్తే చాలు, లైనరు జోలికే పోనక్కర్లేదు.

బ్రీదరు వైపు కారుతోందని అనిపిస్తే ఇంకో మెట్టుంది. నాజిలు విప్పిన రంధ్రంలోంచి రెండు చెంచాల ఇంజన్ ఆయిలు సిలిండరులో పోయండి. రెండంటే రెండే. ఎక్కువ పోస్తే ఆయిలు నలగదు కాబట్టి, తిప్పినప్పుడు పిస్టనును చక్రాల ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్డే వంగొచ్చు. నాజిలు పెట్టకుండానే చక్రం నాలుగు చుట్లు తిప్పండి. నాజిలు మళ్లీ బిగించి, అదే పరీక్ష చేయండి. ఇప్పుడు చక్రం గట్టిగా వెనక్కి తోస్తే కారేది రింగుల దగ్గరేనని ఖాయం. ఏమీ మారకపోతే వాల్వులు. రింగులే అయినా, అవి అరిగాయా అతుక్కున్నాయా అన్నది వేరే ప్రశ్న. కొంచెం డీజిలు, ఇంజన్ ఆయిలు కలిపి అదే కొలతలో పోసి రాత్రంతా నానబెట్టండి. తెల్లారి నాజిలు లేకుండా చక్రం చాలాసేపు తిప్పి, ఆ జిడ్డంతా బయటికి పోనిచ్చి, మళ్లీ చూడండి. రింగులు వదులైతే బరువు మెరుగ్గా తగులుతుంది. ఈ పని చేశాక కింది ఆయిలు తప్పక మార్చాలి. అసలు రెండేళ్ల నాటి ఆయిలుతో పోయిన వారం తిప్పి ఉంటే అదైనా వెంటనే మార్చండి.

ఆ ఆయిలు దించేటప్పుడు ఊరికే పారబోయకండి, ఒక గిన్నెలో పట్టి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దిగుతున్నాయి. లైనరు కింది రబ్బరు రింగులో, గ్యాస్కెట్టో కారణం. అనుమానంగా ఉంటే ఒక చుక్క వేడి అట్లపెనం మీద వేయండి, నీళ్లుంటే చిటపటమంటుంది. ఆయిలు పల్చబడి డీజిలు వాసన కొడుతుంటే, లేదా పోసినదానికంటే మట్టం పెరిగి ఉంటే, డీజిలు కిందికి దిగుతోంది. నాజిలు కారుతోందనో, పంపులో డీజిలును నెట్టే ప్లంజరు పోయిందనో అర్థం.

ఇప్పుడు డీజిలు. కంప్రెషన్ పరీక్షలో పాసైన ఇంజను కూడా మీరు రాసిన లక్షణాలన్నీ చూపించగలదు, ఒక్క నాజిలు చెడితే చాలు. ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి డీజిలు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు విడిగా కనిపిస్తాయి. నల్లటి జిగురు కూడా కనిపించొచ్చు. ఏది కనిపించినా ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడిగి, ఫిల్టరు మార్చి, బంకు నుంచి తాజా డీజిలు పోయండి. సగం మార్చి సగం ఉంచే పొదుపు వద్దు. తర్వాత ఎయిర్ తీయాలి. ముందు ఫిల్టరు మీది స్క్రూ, తర్వాత పంపు స్క్రూ, చివరికి నాజిలు దగ్గర పైపు నట్టు, ఈ వరసలోనే. బుడగలు లేని డీజిలు వచ్చాకే బిగించండి. ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే పైపు జాయింటులో ఎక్కడో గాలి లాగుతోంది.

నాజిలు మీ దగ్గరే ఒకమాదిరిగా చూడొచ్చు. విప్పి, బయట పైపుకు తగిలించి, ముక్కు మనుషులు లేని వైపుకు తిప్పి, డీకంప్రెషన్ లివరు ఎత్తి చక్రం తిప్పండి. మంచి నాజిలు కీచుమని చప్పుడు చేస్తూ మంచులాంటి తుంపర చిమ్ముతుంది, చిమ్మాక ముక్కు ఆరి ఉంటుంది. చెడ్డది పిచికారీలా ఒకే ధార కొడుతుంది, లేదా ముక్కున చుక్క వేలాడుతుంది. ఆ తుంపర ముందు చెయ్యి పెట్టొద్దు. దాని ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది, డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంతే కనిపించినా వేలు తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం. అనుమానం ఉంటే చిత్తూరులోనో తిరుపతిలోనో పంపు, నాజిలు పని చేసే షాపుకు పట్టుకెళ్లండి. నాజిలు టెస్టరు మీద పెట్టి మీ కళ్ల ముందే కొట్టి చూపించమనండి. తిరిగి బిగించేటప్పుడు ఒక చిన్న సంగతి చాలామంది మర్చిపోతారు. నాజిలు కింద రాగి వాషరు ఉంటుంది. పాతది రంధ్రం అడుగున అతుక్కుని ఉండిపోతుంది, దాని మీద కొత్తది వేసేస్తారు. రెండు వాషర్లయితే నాజిలు ఎత్తు మారి, తుంపర పడాల్సిన చోట పడదు. అప్పుడు ఎంత మంచి నాజిలైనా పొగే. టార్చి వేసి చూసి పాతది తీయండి.

చెరకు పెట్టగానే వచ్చే నల్లపొగ గురించి విడిగా చెప్పాలి. నల్లపొగ అంటే పోసిన డీజిలుకు సరిపడా గాలి అందలేదని, లేదా డీజిలు సరిగా చిమ్మలేదని. గాలి ఫిల్టరు విప్పి చూశారా? గానుగ దగ్గర ఎగిరే పిప్పి దుమ్ము అంతా దానిలోకే పోతుంది, పైగా రెండేళ్లలో కందిరీగలు సైలెన్సర్‌లో మట్టిగూడు కట్టి ఉండొచ్చు. రెండు గొట్టాలూ విప్పి వెలుతురుకు పెట్టి చూడండి.

అవీ శుభ్రంగా ఉంటే ఇంజనును కాసేపు వదిలేసి గానుగను అనుమానించండి. బెల్టు లేకుండా ఇంజనును బాగా వేడెక్కే దాకా తిప్పండి. పొగ దాదాపు కనబడకుండా, దెబ్బ దెబ్బకూ సమానంగా ఆడుతుంటే ఇంజను తప్పు తక్కువ. ఇంజను ఆపేసి, చక్రాలు పూర్తిగా నిలిచాక, గానుగ పుల్లీని చేత్తో తిప్పండి. రెండేళ్లు గ్రీజు లేని బుష్షులు ఎండి, రోలర్లు ఒకదాన్నొకటి పట్టేసుకుని ఉంటే, మనిషి చేతికి తిరగడం కష్టమవుతుంది. పాపం ఇంజను ఏం చేస్తుంది? బుష్షులకు గ్రీజు పెట్టి, రోలర్ల సందు కొంచెం సడలించి, మొదటి రోజు చెరకు గడలు తక్కువ తక్కువగా పెట్టి చూడండి. పిప్పిలో రవ్వంత తడి మిగిలినా ఫర్వాలేదు. పెనం మీద చెరకు పాలు మరుగుతుండగా గానుగ నిలబడిపోతే ఆ రోజు బెల్లం రంగే పోతుంది.

మీరు చప్పుడు గురించి రాయలేదు. ఒకవేళ టంగు టంగుమని కొడుతుంటే, ఇంజను తిరుగుతుండగా ర్యాకును ఆపే వైపుకు లాగండి. చక్రాల బరువుకు ఇంకా కొన్ని చుట్లు తిరుగుతుంది కదా, ఆ చుట్లలో చప్పుడు పోతే అది చాలావరకు డీజిలు మండే చప్పుడు: నాజిలు, లేదా డీజిలు చిమ్మే సమయం (టైమింగ్). డీజిలు ఆగినా కొడుతూనే ఉంటే బేరింగును అనుమానించాలి. బేరింగు అని తేలితే ఆ ఇంజనుతో ఒక్క గడ కూడా ఆడొద్దు.

ఇన్నీ చేశాక రింగులు, లైనరే అని తేలిందనుకోండి. అప్పుడు విప్పించండి, కానీ విప్పే రోజు మీరు అక్కడ ఉండండి. లైనరు పైభాగంలో, రింగు ఆగే చోట, గోరు పెట్టి కింది నుంచి పైకి లాగండి. గోరుకు మెట్టు తగిలితే అరుగుదల ఉన్నట్టే. ఎంతన్నది లేత్ షాపులో బోరు గేజి పెట్టి, పైన, మధ్యన, కింద కొలిచి కాగితం మీద రాసివ్వమనండి. పుస్తకంలో ఇచ్చిన హద్దు దాటితేనే లైనరు. దాటకపోతే రింగులు మార్చి బయటపడొచ్చు. అయితే మెట్టు ఉన్న లైనరులో కొత్త రింగులు మాత్రం వేయించకండి. కొత్త రింగు అంచు ఆ మెట్టుకు కొట్టుకుని విరుగుతుంది. "ఈసారికి రింగులతో సర్దేద్దాం" అనే మాట చాలా ఊళ్లలో వింటుంటాను, మెట్టు ఉంటే అది రెండు ఖర్చులు చేయించే సలహా.

బాగయ్యాక కూడా ఒకటి మార్చుకోండి. మన వైపు చాలామంది బోరు నీళ్లు నేరుగా ఇంజనులోకి వదిలి, బయటికి పారనిస్తారు. "చల్లగా ఉంటే మంచిదే కదా" అనుకుంటారు. మంచిది కాదు. ఎప్పుడూ చల్లగా ఆడే ఇంజనులో డీజిలు పూర్తిగా కాలదు. అది లైనరు మీది ఆయిలును కడిగేస్తుంది, మసి కడుతుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా మన బోరు నీళ్లలోని ఉప్పు, ఇంజను చుట్టూ నీళ్లు తిరిగే జాకెట్టు లోపల గార కడుతుంది. డ్రమ్ము పెట్టి అవే నీళ్లు తిరిగేలా చేసుకోండి. బయటికొచ్చే నీళ్లు 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలి. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి, కానీ మరిగే వేడి కాదు. వేడెక్కిన ఇంజనులో చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్ పగలొచ్చని మీకు చెప్పనక్కర్లేదు.

మీ బావ చెప్పిన మోటరు సంగతి. అది తీసిపారేసే మాటేం కాదు. త్రీఫేజు నిలకడగా వచ్చే చోట మోటరుతో ఆడటం హాయి, పొద్దున్నే హ్యాండిల్ తిప్పే పని ఉండదు. కానీ వ్యవసాయ పంపుసెట్టుకిచ్చిన ఉచిత కనెక్షన్ మీద గానుగ తిప్పకండి. గానుగకు ఏ కనెక్షన్ ఇస్తారో, ఎంత డిపాజిట్టో, ఎన్ని గంటల సరఫరానో కరెంటు ఆఫీసులో కనుక్కుని, ఆ మొత్తానికి మోటరు, స్టార్టరు ధర కలిపి, అప్పుడు ఇంజను ఖర్చుతో పోల్చండి. బెల్లం వండటం మొదలుపెడితే మధ్యలో ఆపే పని కాదు కాబట్టి, మోటరు పెట్టినా ఈ ఇంజనును అమ్మేయమని నేను చెప్పను. కరెంటు పోయిన రోజుకు ఉండనివ్వండి. మీ నాయన కూడా దానికి ఒప్పుకుంటారనుకుంటా.

ముందు చెవి పరీక్ష చేసి, గాలి ఎటు నుంచి కారుతోందో, బెల్టు తీసేసినప్పుడు పొగ ఏ రంగులో ఉందో రాయండి. ఇంజను ప్లేటు మీద కంపెనీ పేరు, నిమిషానికి ఎన్ని చుట్లో ఉంటుంది, అదీ రాసి పంపితే టాపెట్ గ్యాపు, నాజిలు ఒత్తిడి అంకెలు వెతికి చెబుతాను.